ఇంట్లో పిల్లలకు చదువు చెప్పుకునే క్రైస్తవ తల్లులు: అలసిపోయినవాళ్ళు ఇక్కడ రాయండి

పటమట_అమ్మ

అందరికీ వందనాలు. విజయవాడ పటమటలో ఉంటాం. పాపకు ఎనిమిదేళ్ళు, బాబుకు ఆరు, చంటిదానికి ఏడో నెల. ఈ జూన్‌లో పాపను బడి మాన్పించాం, బాబును అసలు వెయ్యలేదు. ఎందుకన్నది ఇక్కడ చర్చకు పెట్టట్లేదు. నేనూ మా ఆయనా ఏడాదిపాటు ప్రార్థన చేసి, కూర్చుని మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయం.

నా బాధ వేరే. టైంటేబుల్ ప్రింటు తీయించి గోడకు అంటించాను. తొమ్మిదింటికి పాట, వాక్యం. తొమ్మిదిన్నరకు లెక్కలు. పదింబావుకు ఇంగ్లీషు. పీరియడ్ మారినప్పుడు కొట్టడానికి బీసెంట్ రోడ్డులో ఇత్తడి గంట కూడా కొన్నాను, నవ్వకండి. లెక్కలు మొదలెట్టీ మొదలెట్టకముందే చంటిది లేస్తుంది. దాన్ని ఒళ్ళో వేసుకుంటే బాబు మంచం కిందకు దూరతాడు. పాప తీసివేతల్లో పక్కనుంచి అప్పు తెచ్చుకునే దగ్గర ఏడుపు మొదలెడుతుంది. పదకొండింటికి నేను అరుస్తాను. "ప్రేమ దీర్ఘకాలము సహించును" అని పొద్దున్నే వల్లె వేయించిన నోటితోనే.

అత్తగారు మాతోనే ఉంటారు. బడికెళ్ళే పిల్లల తల్లులకు ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బులు పడ్డాక పక్కింటావిడ ఫోనులో మెసేజీ తెచ్చి చూపించింది, ఒక్కో పిల్లకు 13,000. "మనకు రెండు పదమూళ్ళు పోయినట్టేగా" అన్నారు అత్తగారు. ఆ మాట రోజుకోసారి వింటున్నాను. చర్చిలో ఇంకోరకం. "ఫీజు కట్టలేకపోయారా అమ్మా?" అని చెవిలో అడుగుతున్నారు.

కొన్నేళ్ళు చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇది ఎప్పటికైనా తేలికవుతుందా?

కొరిటెపాడు_అక్క

చెల్లీ, ముందు ఆ గంట తీసి మీవాడికి ఆడుకోవడానికి ఇచ్చెయ్.

బడికి గంట ఎందుకు కావాలి? తరగతికి నలభై మంది, పక్క గదిలో ఇంకో నలభై మంది, ఒకే సైన్సు టీచరు అన్ని సెక్షన్లూ తిరగాలి. అటెండెన్సూ, హోమ్‌వర్కు దిద్దడమూ, అల్లరి ఆపడమూ, లైన్లో నిలబెట్టడమూ పోగా ఒక్కో పిల్లకు టీచరు విడిగా ఇవ్వగలిగేది ఎంతసేపు? నీకున్నది ఇద్దరే. ఎనిమిదేళ్ళ పాపకు రెండు గంటల గట్టి చదువు చాలు. ఆరేళ్ళవాడికి గంటే ఎక్కువ, అదీ ముక్కలు ముక్కలుగా.

మా ఆడపిల్లలిద్దరూ ఇంట్లోనే చదివారు. పెద్దది ఇప్పుడు గుంటూరులోనే డిగ్రీ, చిన్నది ఓపెన్ స్కూల్లో పది రాయబోతోంది. మాకు కుదిరిన పద్ధతి ఇదీ. రోజూ తప్పనివి మూడే: కాసేపు లెక్కలు, కాసేపు పైకి చదవడం, ఒక పేజీ రాత. టిఫిన్ అవగానే ఇవి అయిపోవాలి, అంట్లు సింకులోనే ఉండనీ. సైన్సు, సోషల్, బొమ్మలు, పాటలు, కుట్టుపని వీటికి వారాల పేర్లు రాసుకోలేదు, వరస రాసుకున్నా. ఇవాళ సైన్సు కుదరలేదా, రేపు సైన్సు నుంచే మొదలు. అప్పుడు "మంగళవారం సోషల్ పోయిందే" అన్న దిగులుండదు.

తీసివేతలకు పుస్తకం మూసి చిల్లర పోయ్. పది రూపాయల నాణేలు నాలుగు, రూపాయి బిళ్ళలు రెండు. "ఇందులోంచి ఏడు రూపాయలివ్వు" అను. చేతిలో విడివి రెండే. కాసేపు చూసి తనే ఒక పది నీ చేతిలో పెట్టి "చిల్లర ఇవ్వమ్మా" అంటుంది. అప్పు తెచ్చుకోవడమంటే అదే. సందు చివర కొట్టుకు పంపిన పిల్లకు ఇట్టే వచ్చిద్ది, కాగితం మీద నెలైనా రాదు.

ఇక అరవడం సంగతి. యెషయా 40:11 తీసి చూడు. కాపరి గొర్రెపిల్లల్ని రొమ్మున ఆనించుకుని మోస్తాడని చెప్పి, చివర్న "పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును" అని ఉంది. ఒళ్ళో చంటిపిల్ల ఉన్న తల్లిని ఆయనే మెల్లగా నడిపిస్తానంటుంటే, నువ్వు గంట కొట్టుకుని పరిగెత్తడం దేనికి? ఈ ఏడాది చంటిదాని ఏడాది. అలాగే లెక్కేసుకో.

మంగళగిరి_మామూలోడు

నాది ఎదురు మాట, ఏమనుకోవద్దు. నేనూ విశ్వాసినే, మా పిల్లలు బడికే వెళ్తారు.

నలుగురిలో కలవడం ఇంట్లో ఎట్లా వస్తుంది? కరోనా ఆన్‌లైన్ క్లాసుల తర్వాత మా తమ్ముడి కొడుకు ఇంటికెవరైనా వస్తే గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. తర్వాత, పద్నాలుగు పదిహేనేళ్ళు వచ్చాక ఏం చేస్తారు? ఈఏపీసెట్ వాళ్ళు సర్టిఫికెట్ అడుగుతారు గానీ కంఠస్థ వాక్యాలు అడగరు. ఇంకొకటి, మీరు లోకానికి ఉప్పయి యున్నారు అన్నాడు ప్రభువు. ఉప్పు డబ్బాలోనే ఉంటే కూరకేం రుచి?

వేదిక_నిర్వాహకులు

మధ్యలో ఒకరు ట్యూషన్ సెంటర్ ప్రకటన, ఫోన్ నంబరుతో సహా పెట్టారు. తీసేశాం. మామూలోడు గారి పోస్టు మీద నలుగురు ఫిర్యాదు చేశారు, అది ఉంచుతున్నాం. మర్యాదగా అడిగిన ప్రశ్నలకు జవాబే చెప్పాలి.

న్యాయవాది_నాన్న

ఉప్పు సంగతి పాస్టర్లకు వదిలేసి సర్టిఫికెట్ ప్రశ్న నేను తీసుకుంటాను. విజయవాడలో ప్రాక్టీసు, మా ఇద్దరు పిల్లలూ ఇంట్లోనే.

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. పిల్లను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని సెక్షన్ 10 చెబుతుంది. చేర్పించకపోతే ఫలానా శిక్ష అని మాత్రం రాయలేదు. ఇంట్లో చదివించడమన్న మాటే చట్టంలో లేదు. పేరు పెట్టి ఒప్పుకోలేదు, పేరు పెట్టి కాదనలేదు. కాబట్టి "మాకు హక్కుంది" అంటూ సచివాలయం వాళ్ళ మీదికి వెళ్ళకండి, నేరం చేసినట్టు వణకనూ వద్దు. బడి బయట ఉన్న పిల్లల సర్వేకి విద్యాశాఖ సీఆర్‌పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) గానీ వార్డు సచివాలయం నుంచి గానీ వస్తారు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, పిల్లల నోటుబుక్కులు ముందు పెట్టండి. ప్రతి పేజీ మీదా తేదీ ఉండాలి. వాళ్ళకు కావాల్సింది ఈ పిల్ల పనికి పోవట్లేదు, చదువుతోంది అన్న భరోసా.

రేపు మనసు మారి బడికి పంపాలనుకుంటే ఆ దారీ ఉంది. సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి.

పదో తరగతికి రెండు దారులు: కేంద్రానిది ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్, మన రాష్ట్రానిది ఏపీ ఓపెన్ స్కూల్. 14 ఏళ్ళు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు. తెలుగు మీడియం ఉంది. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి. చేరాక ఐదేళ్ళ గడువుంటుంది, సబ్జెక్టులు విడివిడిగా పూర్తి చేసుకోవచ్చు. ఇంకా చిన్నపిల్లలకు 3, 5, 8 తరగతులకు సమానమైన ఓబీఈ (ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్) స్థాయిలున్నాయి. ఓపెన్ స్కూల్లో ఇంటర్ చదివినవాళ్ళు నీట్ రాయడానికున్న చిక్కు కూడా 2024లో తీరింది.

చాలామంది మర్చిపోయే సంగతి లోకల్, నాన్‌లోకల్. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల వృత్తి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులకు పోతాయి. అందరూ నాలుగేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు చూపిస్తారు. మన పిల్లలకు అవి ఉండవు. ఏ బడిలోనూ చదవనివాళ్ళు ఆ నాలుగేళ్ళూ ఇక్కడే కాపురమున్నట్టు తహశీల్దార్ ఇచ్చే నివాస పత్రం చూపించాలి. అందుకని ఇల్లు మారినప్పుడల్లా ఆధార్, రేషన్ కార్డు చిరునామాలు సరిచూసుకోండి. పరీక్ష ముందు పరిగెత్తితే రాదు.

బ్రాడీపేట_మాస్టారు

ప్రభుత్వ హైస్కూల్లో హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాను. మా చర్చిలో సండే స్కూలు సూపరింటెండెంటుని. ఇదంతా చదువుతుంటే ఒకవైపు సంతోషం, ఒకవైపు మనసొప్పట్లేదు. ఎందుకొప్పట్లేదో చెబుతా.

మా తాత పాలేరు. ఊళ్ళో బడి అరుగు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చింది మొదలు లూథరన్ మిషను పల్లెల్లో బడులు పెట్టుకుంటూ వచ్చింది. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పలక పట్టిన మొదటి తరం ఆ బడుల్లోదే. మా నాన్న ఆ బడి దాటి, 1885లో మొదలైన ఏసీ (ఆంధ్ర క్రైస్తవ) కాలేజీ దాకా వెళ్ళాడు. ఆ కాలేజీ మెట్లు ఎక్కుతూ చెప్పులు విడిచేవాడట. బడి అంటే మా ఇంట్లో అదీ మర్యాద. ఇప్పుడు ఆ మనవలూ మునిమనవలూ బడి వద్దనుకుంటున్నారంటే నా వయసు వాడికి గొంతు దిగదు.

అయినా ఈ కాలం బడులు ఎట్లా ఉన్నాయో నాకు తెలీదా? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లల్ని రాత్రి తొమ్మిదిదాకా కూర్చోబెట్టేవాళ్ళను చూస్తూనే ఉన్నా. చెప్పించుకోండమ్మా ఇంట్లో. ఒక్కటే, సర్టిఫికెట్ దగ్గర అశ్రద్ధ చేయకండి. పొలం లేనివాళ్ళకు ఆ కాగితమే పొలం. పాప భిన్నాలకు వచ్చినప్పుడు కష్టమనిపిస్తే నాకు ఇక్కడే రాయండి, లెక్కలు నా సబ్జెక్టు. డబ్బు మాటెత్తితే ఊరుకోను.

కొరిటెపాడు_అక్క

మాస్టారూ వందనాలు. మీ మాట తలకెక్కించుకున్నా. ఇంకొకవైపు కూడా ఉంది కదండీ. ఆ రోజుల్లో గడప దాటలేని ఆడవాళ్ళ కోసం మిషన్ వాళ్ళే ఇళ్ళకొచ్చి చదువు చెప్పారు. జనానా పని అనేవాళ్ళు. 1883లో గుంటూరొచ్చిన కుగ్లర్ దొరసాని ఆస్పత్రి కట్టకముందు చేసింది ఆ పనే. మా నాయనమ్మకు అక్షరాలు దిద్దించింది ఒక బైబిల్ స్త్రీ, బడి కాదు. వంటింట్లో పీట మీద కూర్చుని, బియ్యం చేటలో వేలితో రాయించిందట. మన వంశాల్లో ఇంటి చదువూ ఉంది, బడి చదువూ ఉంది.

బ్రాడీపేట_మాస్టారు

ఒప్పుకున్నా. మా అమ్మ సంగతీ అదే. ఆ మాటకొస్తే నేనే రాయాల్సింది.

డాలస్_చెల్లి

హాయ్ అక్కలూ! పుట్టిల్లు గుంటూరు అరండల్‌పేట, ఇప్పుడు డాలస్. ఇక్కడ ఇది మామూలు సంగతి. 1993 నాటికే అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది. మా టెక్సాస్‌లో ఇంటి బడిని ప్రైవేటు స్కూలు కిందే లెక్కేయాలని 1994లో రాష్ట్ర సుప్రీం కోర్టు తేల్చేసింది. మా చర్చిలో సగం మంది పిల్లలు ఇంట్లోనే చదువుతారు.

నాకు బాగా ధైర్యమిచ్చేది సుసన్నా వెస్లీ గారి జీవితం. మెథడిస్టు ఉద్యమం మొదలెట్టిన జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి. 19 మందిని కన్నది, చాలామంది పసితనంలోనే పోయారు. మిగిలినవాళ్ళకు ఇంట్లోనే చదువు. ఒక్కొక్కరికి అయిదో పుట్టినరోజు దాటిన మర్నాడు అక్షరాలు మొదలు, ఒక్క రోజులో మొత్తం అక్షరాలు వచ్చేసేవట! రోజుకు ఆరు గంటల బడి నడిపేది. మనమూ అలా ఉండాలని ప్రార్థన చేసుకుంటా.

ఇక్కడి కరికులం పెట్టె ఒకటి ఎవరితోనైనా పంపనా పటమట అక్కా?

గుణదల_మేరీ

ఒక్క రోజులో అక్షరమాలా? వాళ్ళకు 26 తల్లీ. మనకు 56, పైన గుణింతాలు, కింద వత్తులు. "క్ష్మి" రాయడానికే మావాడికి ఒక పండగ పట్టింది.

వెస్లీ అమ్మ గారి మీద నాకూ గౌరవమే. ఆవిడ ఇంట్లో పనివాళ్ళున్నారన్న సంగతి కూడా చెప్పు మరి. ఇక్కడ చంటిదాన్ని ఎత్తుకుని చారు పెట్టేవాళ్ళం మనమే. ఆవిడ పిల్లల్లోనూ ఇద్దరికి ఒకటిన్నర రోజు పట్టిందట, మొద్దు పిల్లలనుకున్నానని ఆవిడే రాసుకుంది. నాకు ఆ ఇద్దరాడపిల్లలంటేనే ఇష్టం.

మేం కథోలికులం, గుణదల కొండ కిందే ఇల్లు. నేను జాకెట్లు కుడతాను. మా ఆయనకు ఆటో. అక్క చెప్పిన రెండు గంటలు కూడా ఒకేచోట దొరకవు నాకు. పెళ్ళిళ్ళ సీజనైతే అసలే దొరకవు. మిషన్ పక్కన స్టూలేసి పెద్దవాణ్ణి కూర్చోబెడతా, వాడు పైకి చదువుతుంటాడు, నేను వింటూ ఫాల్స్ కుడుతుంటా. తప్పు చదివితే మిషన్ ఆగుతుంది. వాడికి అర్థమైపోద్ది.

కొలతల పుస్తకం వాడి చేతే రాయిస్తా. ఛాతీ చుట్టుకొలత 36 అనుకోండి, నాలుగో వంతు 9. దానికి కుట్టు వదులు ఒకటిన్నర. మొత్తం పదిన్నర అంగుళాలు. 34 అయితే? ఎనిమిదిన్నరకు ఒకటిన్నర కలిపి పది. 35 వచ్చిన రోజు కాసేపు సుద్ద పట్టుకుని నిలబడిపోయాడు, తర్వాత టేపు మీద వేలు పెట్టి ఎనిమిదీ ముప్పావు అన్నాడు. మాస్టారూ, భిన్నాలకు మీ దగ్గరికి వచ్చేది మావాడే ముందు, జాగ్రత్త.

ఫిబ్రవరి 9, 10, 11 మేరీమాత తిరునాళ్ళకు మా ఇంటినిండా చుట్టాలు. ఆ మూడు రోజులూ పుస్తకం తియ్యం. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, ఈ పద్ధతిలో నాకు నచ్చిందదే.

డాలస్ చెల్లీ, పెట్టె పంపేముందు ఆలోచించు. లెక్కల పుస్తకం తీస్తే వాళ్ళ చిల్లర నాణేలు క్వార్టర్లు, డైములు, మంచు బొమ్మలు. మనకు ప్రభుత్వ పుస్తకాలున్నాయిగా, ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష, పీడీఎఫ్ ఉచితం. ఆ పెట్టె డబ్బులు పటమట చెల్లికి పనిమనిషి జీతానికి పంపితే ఎక్కువ మేలు. సగం సరదాకే అంటున్నా.

డాలస్_చెల్లి

హహ్హ, మిగతా సగం అర్థమైంది అక్కా. పెట్టె ఆపేశా.

సింగ్‌నగర్_రూతు

వెస్లీ గారి సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నా. 1709లో వాళ్ళ ఇల్లు కాలిపోయింది. పిల్లల్ని వేరువేరు ఇళ్ళలో ఉంచాల్సొచ్చింది. మళ్ళీ అందరూ ఒకచోటికి చేరేసరికి నేర్పిన పద్ధతులన్నీ పోయాయని, మొదట్నుంచి మొదలెట్టానని ఆవిడ రాసింది. ఆరు గంటల బడి కన్నా ఆ ముక్క నాకు ఎక్కువ పనికొచ్చింది. ఎందుకంటే 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద మా ఇంట్లోకొచ్చింది.

పుస్తకాల బీరువా కింద అరలన్నీ మునిగాయి. తేదీలేసిన నోటుబుక్కులు, పిల్లలు గీసిన మ్యాపులు, సైన్సు ఆల్బం, అంతా ముద్ద. డాబా మీద ఉన్నాం. డ్రోన్లు వచ్చి అన్నం పొట్లాలు జారవిడిచాయి. మావాడు అన్నం తినకుండా డ్రోనుకు రెక్కలెన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటున్నాడు. తర్వాత పడవలో బయటపడి నూజివీడు మా అన్నయ్య వాళ్ళింటికి చేరాం. అక్కడ టీవీలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని చెబుతుంటే మావాడు "క్యూసెక్కు అంటే ఎంతమ్మా?" అన్నాడు. సెకనుకు ఒక ఘనపుటడుగు, లీటర్లలో 28.3. కేకు డబ్బా అట్ట చింపి దాని వెనక గుణకారం వేశాడు. మూడు కోట్ల పదకొండు లక్షల లీటర్లు. మా డాబా మీద ట్యాంకు వెయ్యి లీటర్లది. అంటే ఒక్క సెకనులో అలాంటివి 31 వేల ట్యాంకులు గేట్లు దాటి పోతున్నాయి. ఆ సంఖ్య రాసి చాలాసేపు చూశాడు. తర్వాత బ్యారేజీకి గేట్లెన్ని అన్నాడు. 70. దాన్ని మళ్ళీ భాగించాడు.

ఆ నెలంతా మేం "చదివింది" అంతే. నేను అప్పుడు దిగులుపడ్డా, ఏడాది వెనకబడ్డామని. ఎవరికన్నా వెనక? పక్కన బెంచీ లేనప్పుడు. పటమట అక్కా, మీకు మేం ఇంతే దూరం, ఎప్పుడైనా చంటిదాన్ని నా దగ్గర వదిలి మధ్యాహ్నం నిద్రపోండి. నిజంగానే చెబుతున్నా.

పటమట_అమ్మ

నిన్న రాత్రి ఇవన్నీ మా ఆయనకు చదివి వినిపించాను. మేరీ అక్కా, మీ "మిషన్ ఆగుతుంది" దగ్గర ఇద్దరం నవ్వాం. రూతూ, ఎప్పుడో ఒకరోజు నిజంగానే తెచ్చి వదిలేస్తా, తర్వాత అనుకోవద్దు.

ఇంకో ప్రశ్న. పాప ఇంగ్లీషు మీడియంలో చదివింది కదా, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. కుటుంబ ప్రార్థనలో వంతులవారీగా వచనాలు చదివేటప్పుడు తన వంతు రాగానే తల వంచేస్తుంది. బైబిల్ తెలుగు మరీ గ్రాంథికం, "పోలియున్నాను" "చుండెను" అని. దాన్ని ఎక్కడ మొదలెట్టాలి?

కొరిటెపాడు_అక్క

మీ అత్తగారు రోజూ బైబిల్ చదువుతారా?

పటమట_అమ్మ

పొద్దునా సాయంత్రం. కళ్ళజోడు పెట్టుకుని పైకే చదువుతారు.

కొరిటెపాడు_అక్క

మరి తెలుగు టీచరు ఇంట్లోనే ఉంటే నువ్వు పుస్తకాలు వెతుకుతావేంది? "అత్తయ్యా, నాకు చంటిదానితో కుదరట్లేదు, తెలుగు మీరు చెప్పండి" అని అడుగు. సాయం చేసినట్టు కాదు, ఆ సబ్జెక్టు పూర్తిగా ఆవిడకే అప్పజెప్పు. ఏం చదివించాలో ఆవిడిష్టం. ఆవిడ చదివిన వచనాన్ని వేలు పెట్టి పాప మళ్ళీ చదవాలి, అంతే పద్ధతి. గ్రాంథికమైనా చెవిన పడీ పడీ అలవాటయ్యిద్ది, మనకు అట్లాగే వచ్చింది. తిమోతికి విశ్వాసం అవ్వ లోయి దగ్గర్నుంచీ, అమ్మ యునీకే దగ్గర్నుంచీ వచ్చిందని పౌలు రాస్తాడు. అవ్వ పేరే ముందు రాశాడు, చూడు.

పదమూడు వేల సంగతి ఆవిడ ఎందుకంటోందో కూడా ఆలోచించు. ఆ ఇంట్లో జరుగుతున్నదాంట్లో తనకు వంతు లేదు. బయట కూర్చున్నవాళ్ళే లెక్కలడుగుతారు.

భవానీపురం_నాన్న

మగవాళ్ళు ఇక్కడ రాయొచ్చో లేదో. మా ఇంట్లో లెక్కలూ సైన్సూ నావి, ఆఫీసు నుంచి వచ్చాక. భోజనాల బల్ల మీదే. ఆదివారం సాయంత్రం మా ఆవిడకు మూడు గంటలు పూర్తి సెలవు, ఎక్కడికెళ్తుందో అడగను. ఎక్కువసార్లు ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులకే పోతుంది, డబ్బులు అయిపోయేదాకా. పటమట చెల్లమ్మా, మీ ఆయన ఈ పోస్టు చదువుతున్నారని ఆశిస్తున్నా.

మంగళగిరి_మామూలోడు

సర్టిఫికెట్ సంగతి ఒప్పుకుంటున్నా, న్యాయవాది గారు విడమరిచి చెప్పారు. స్నేహితుల ప్రశ్నకు మాత్రం ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. సండే స్కూల్లో వారానికి గంట సరిపోదు కదా.

సింగ్‌నగర్_రూతు

సరిపోదు అన్నా, నిజమే. మా పెద్దవాడు ఒంటరితనం అన్నాడు ఒకసారి, నేను కొట్టిపారెయ్యలేదు. ఇప్పుడు సాయంత్రం ఐదు నుంచి చీకటిపడేదాకా వీధిలో క్రికెట్. అందులో ముస్లిం పిల్లలున్నారు, హిందువుల పిల్లలున్నారు, మూడేళ్ళ పెద్దవాళ్ళున్నారు. మీరన్న ఉప్పు అక్కడ కలుస్తోందనుకుంటున్నా. మే నెలలో వీబీఎస్‌కి (సెలవుల్లో చర్చి నడిపే పిల్లల బైబిల్ బడి) పదిరోజులు వాలంటీరుగా చిన్నపిల్లలకు పాటలు నేర్పాడు. కానీ తనతోపాటు చదివే ఈడువాళ్ళు లేరన్నది ఉంది. అందుకే మనం అప్పుడప్పుడూ కలవాలి అంటాను.

పటమట_అమ్మ

అత్తగారిని అడిగాను. "నాకేం వచ్చని" అంటూనే మర్నాడు పొద్దున్నే పాపను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. కీర్తనలు మొదలెట్టారు, వరసగా కాదు, ఆవిడకు నోటికొచ్చినవి. పదమూడు వేలు ఇంకా వినపడుతూనే ఉంది, కాకపోతే ఆ గంటసేపు వినపడదు. ఆ గంటలో బాబుకు నేను లెక్కలు చెప్పగలుగుతున్నాను.

మొన్న 102వ కీర్తన చదివారు. "నేను అడవిలోని గూడబాతును పోలియున్నాను" అని. పాప "గూడబాతంటే ఏంటి నానమ్మా" అంది. ఆవిడకు తెలీదు, నాకూ తెలీదు. బాతులాంటిదేదో అన్నాం. పాప ఒప్పుకోవట్లేదు, చూపించమంటోంది.

కొరిటెపాడు_అక్క

గూడబాతు అంటే పెలికాన్. ముక్కు కింద సంచి ఉండే పెద్ద పక్షి. అది చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువుకు రండి. ఊళ్ళో చెరువు, మధ్యలో చెట్లు, చెట్ల నిండా గూళ్ళు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. పిల్లలకు గూడబాతు చేపను సంచిలోకి తీసుకుని నీళ్ళు వదిలేసి మింగడం చూపించాలి. మావాళ్ళు చిన్నప్పుడు అక్కడే నేల మీద కూర్చుని బొమ్మలేసేవాళ్ళు.

నవంబరులో ఒక శనివారం అందరం కలుద్దామా? డిసెంబరొస్తే క్రిస్మస్ ప్రోగ్రాములు, క్యారల్స్, ఎవరూ దొరకరు. మాస్టారూ, మీరు తప్పకుండా రావాలి, పిల్లలకు ఏసీ కాలేజీ మెట్ల కథ చెప్పాలి. మామూలోడు బ్రదర్, మీ పిల్లల్నీ తీసుకురండి, శనివారం బడి లేకపోతే.

మంగళగిరి_మామూలోడు

రెండో శనివారమైతే సెలవు. మావాళ్ళు వస్తామంటున్నారు, నేనే ఇరుక్కున్నా.

బ్రాడీపేట_మాస్టారు

రెండో శనివారం నాకూ కుదురుతుంది. పొద్దున్నే రండి, ఎండెక్కితే పక్షులు రెక్క కదపవు. బైనాక్యులర్ ఒకటుంది నా దగ్గర, వంతులవారీగా చూడాలి, తోసుకుంటే తీసేసుకుంటా.

న్యాయవాది_నాన్న

విజయవాడ వైపువాళ్ళకు నా కారులో నాలుగు సీట్లున్నాయి. పటమట, గుణదల మీదుగా వస్తాను.

గుణదల_మేరీ

మా ఆయన ఆటో కూడా ఉంది, కానీ గుంటూరుదాకా ఆటోలో అంటే నడుములు గుల్లే. మేం రైల్లో గుంటూరు దిగి వస్తాం. కారు పటమట చెల్లికీ అత్తగారికీ చంటిదానికీ ఇవ్వండి. అత్తగారిని వదిలేసి రావద్దు, గూడబాతు ఆవిడ పాఠమే.

పటమట_అమ్మ

అత్తగారు వస్తామన్నారు. దద్దోజనం ఆవిడ కలిపి తెస్తారట, ఎంతమందో లెక్క చెప్పమంటున్నారు. వచ్చేవాళ్ళు పిల్లలతో కలిపి సంఖ్య ఇక్కడ రాయండి. బాబుకు కారులో వాంతులవుతాయి న్యాయవాది గారూ, వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టాలి, నిమ్మకాయ నేను పట్టుకుంటాను.

సింగ్‌నగర్_రూతు

మేం ఐదుగురం.

మంగళగిరి_మామూలోడు

నలుగురం. మాది పెరుగు తినని బ్యాచ్, మా ఆవిడ ఉప్మా తెస్తుంది.